సోఫా మీద ఎవరిని పడుకోబెట్టాలి?

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలను పేరుపేరునా తలుచుకుంటే నాకిచ్చిన టైం దానికే సరిపోతుంది, మన్నించండి. కడపలో, బ్రౌన్ దొర పేరున్న ఈ గ్రంథాలయంలో, పద్దెనిమిదో శతాబ్దపు కవయిత్రి ముద్దుపళని రాసిన రాధాకృష్ణుల శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను ఫ్రాయిడ్ మనోవిశ్లేషణతో చదవమన్నారు. సంతోషం.

ఫ్రాయిడ్ తన రోగులను సోఫా మీద పడుకోబెట్టి మాట్లాడించేవాడు కదా, ఆయన పేరెత్తగానే మనవాళ్లు కవయిత్రినే సోఫా మీద పడుకోబెడతారు. తంజావూరు ప్రతాపసింహుడి కొలువు, భోగం కులం, తీరని కోరిక... వ్యాసం అయిపోయినట్టే! మనోవిశ్లేషణంటే అణచిపెట్టిన కోరికను వెతికి పట్టే పద్ధతి కదా. ఇక్కడ రాధ అణచిపెట్టిందేముంది? కోపం, అసూయ, కోరిక అన్నీ నోరారా చెప్పేస్తుంది. కృష్ణుడే వచ్చి బతిమాలుకుంటాడు. దాచింది చదివినవాళ్లు. కాబట్టి పడుకోబెట్టాల్సిందీ వాళ్లనే.

1887 నాటి అచ్చు సంగతి చూడండి. వేయించింది ఎవరో కాదు, బ్రౌన్‌కు దగ్గరివాడైన పైడిపాటి వెంకటనరసు. అందులో ముద్దుపళని రాసుకున్న పీఠిక లేదు. ఆ పీఠికలో పచ్చి శృంగారం ఉందా అంటే, అదీ కాదు. తన వంశంలోని ఆడవాళ్ల గురించి, తన చదువు గురించి, తనకు కృతులు అంకితమిచ్చిన కవుల గురించి గర్వంగా చెప్పుకుంది. మరుపు ఊరికే రాదంటాడు ఫ్రాయిడ్. ఆడమనిషి ‘నాకిది కావాలి’ అనడం కంటే ‘నేను ఫలానా’ అనడమే ఎక్కువ గుచ్చుకుందని నా అనుమానం.

గాయని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్ల ప్రచురణ సంస్థ ద్వారా పీఠికతో సహా పద్యాలన్నిటితో అచ్చు వేయించింది. ఆడదాని నోట రాదగిన మాటలు కావని అప్పటికే వీరేశలింగం గారు తేల్చేశారు. సిగ్గు ఆడవాళ్లకేనా, మగవాళ్లకు అక్కర్లేదా అని ఆవిడ నిలదీసింది. తెల్లదొరల ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం గారు మద్రాసు ప్రధాని అయ్యాక గానీ ఆ నిషేధం పోలేదు.

నా సంగతీ చెప్పాలి. నేను లెక్చరర్‌గా చేరిన కొత్తలో ఈ పుస్తకం చేతిలో పట్టుకుని స్టాఫ్ రూముకి పోతే, ఒక పెద్దాయన టీ గ్లాసు పక్కన పెట్టి, ‘ఏమ్మా, ఇట్లాంటివి చదువుతాండావని మీ ఇంట్లో తెలుసునా?’ అన్నారు. చుట్టూ అందరూ నవ్వారు. ఆయన అప్పుడే నంది తిమ్మన పారిజాతాపహరణం పాఠం చెప్పి వచ్చారు! సత్యభామ ఎడమకాలితో కృష్ణుడి తలను తోసేసే ‘జలజాతాసన’ పద్యం ఆయన రాగం తీస్తే వరండా దాకా వినబడేది. ఆయన ఇంట్లో తెలుసో లేదో ఎవరూ అడగలేదు.

చెప్పండి, తేడా ఎక్కడుంది? తిమ్మన రాస్తే తన్ను కూడా మగవాడి ముచ్చటే. దెబ్బ తగిలేది కృష్ణుడికి, ఆనందం పాఠకుడికి. అదే చొరవ ఆడకవి కలం నుంచి వస్తే, కాలు నిజంగానే తన తల మీదికి వస్తున్నట్టు ఉలిక్కిపడతాడు. తన భయాన్ని ఆమె మీదికి తోసి దానికి ‘అశ్లీలం’ అని పేరు పెడతాడు. ఆ మధ్యాహ్నం మా స్టాఫ్ రూములో నవ్వినవాళ్లలో ఇద్దరు ఆడవాళ్లూ ఉన్నారు. అది నాకింకా మింగుడుపడలేదు.

చీటీ వచ్చింది, టైం అయిందట. అయ్యో, అసలు ఇళాదేవి గురించి చెబుదామనే వచ్చాను! రాధ పెంచిన పిల్ల. రాధే దగ్గరుండి కృష్ణుడికిచ్చి పెళ్లి చేసి, తర్వాత ఆ పిల్లనే చూసి కుమిలిపోతుంది. తల్లీ తనే, సవతీ తనే. మనోవిశ్లేషణకు నిజంగా పని ఉన్నది అక్కడ. స్త్రీకి ఏం కావాలో ఎన్నేళ్లు చదివినా తెలియలేదని ఫ్రాయిడ్ తన శిష్యురాలు మేరీ బోనపార్ట్‌తో అన్నాడంటారు. ఇళకు ఏం కావాలో రాధ కూడా అడగలేదు. ఎమ్మే పిల్లలు ఎవరైనా ఆ పని పట్టుకోండమ్మా, నా నోట్సు ఇచ్చేస్తాను.