కొత్త కిటికీలు పెట్టిస్తే కరెంటు బిల్లు నిజంగా తగ్గుతుందా?

[తెరపై: మే నెల, సాయంత్రం నాలుగు గంటలు. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ పడమటి గోడ. స్లైడింగ్ అద్దాల మీద ఎండ.]

"పాత కిటికీలు తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) ఫ్రేములు, డబుల్ గ్లాస్ పెట్టించండి సార్, ఏసీ బిల్లు సగానికి పడిపోతుంది." కిటికీల షాపుకెళ్తే ఈ మాట వినే ఉంటారు. ఇందులో నిజం ఎంతో ఇవాళ లెక్క వేసి చూద్దాం.

పడమటి వైపు కిటికీ ఒకటి తీసుకుందాం. 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు, మామూలు ఒంటి అద్దం. బయట 42 డిగ్రీలు, లోపల ఏసీ 26లో ఉంది. వేడి ఈ కిటికీలోంచి రెండు రకాలుగా వస్తుంది. బయటి గాలి వేడిగా ఉంది కాబట్టి అద్దంలోంచి లోపలికి దిగేది ఒకటి, అది సుమారు 170 వాట్లు. నేరుగా ఎండ రూపంలో వచ్చేది రెండోది. గోడ మీద చదరపు మీటరుకు 500 వాట్ల ఎండ పడుతోందనుకుంటే, దాదాపు 750 వాట్లు గదిలోకి వచ్చేస్తాయి.

[తెరపై: రెండు పట్టీలు. చిన్నది 170, పెద్దది 750.]

అంటే మనకు అసలు శత్రువు ఎండ. వేడిగాలి దాని తర్వాతే.

ఇప్పుడు డబుల్ గ్లాస్ పెట్టించారనుకోండి. రెండు అద్దాల మధ్య గాలి పొర ఉంటుంది కాబట్టి 170 సగానికి తగ్గుతుంది. బాగుంది. కానీ రెండూ మామూలు తెల్లటి అద్దాలే అయితే ఎండ మాత్రం 750 నుంచి 650కి తగ్గి ఆగిపోతుంది. మొత్తం మీద తగ్గింది 20 శాతం. అదే ఒంటి అద్దమే ఉంచి, మంచి సోలార్ కంట్రోల్ గ్లాస్, అంటే ఎండ వేడిని ఆపేలా తయారు చేసిన అద్దం, వేయిస్తే? ఎండ సగానికి, అంటే 370 వాట్ల దగ్గరకి వస్తుంది. మొత్తం వేడి 40 శాతం తగ్గినట్టే.

ఈ తేడా చెప్పే అంకె ఒకటుంది, ఎస్‌హెచ్‌జీసీ అంటారు. అద్దం మీద పడిన ఎండ వేడిలో ఎంత వంతు లోపలికి వస్తుందో అది చెబుతుంది. మామూలు అద్దానికి 0.8 చుట్టుపక్కల, మంచి సోలార్ కంట్రోల్ గ్లాస్‌కి 0.4 లేదా అంతకన్నా తక్కువ. ముదురు రంగు చూసి మోసపోవద్దు. నల్లద్దం చాలా వేడిని తనే పీల్చుకుని, అందులో కొంత మెల్లగా గదిలోకే వదులుతుంది. పైగా గదంతా చీకటి, పగలే లైటు వేసుకోవాలి.

సరే, డబ్బుల సంగతి.

[తెరపై: కాలిక్యులేటర్, పక్కన కరెంటు బిల్లు.]

సోలార్ కంట్రోల్ గ్లాస్ వల్ల 380 వాట్ల వేడి తగ్గింది. ఆ వేడిని బయటికి తోయడానికి ఏసీకి దాదాపు 110 వాట్ల కరెంటు పట్టేది. రోజుకి నాలుగు గంటలు అనుకుంటే అర యూనిట్ కూడా లేదు. యూనిట్ 9 రూపాయల చొప్పున మిగిలేది నాలుగు రూపాయలు. నాలుగు నెలల వేసవికి కిటికీకి 500 లోపే! కొత్త కిటికీ చదరపు అడుగుకి 800 పడినా 16,000. పెట్టింది రాబట్టుకోవడానికి ముప్ఫై ఏళ్లు దాటుతుంది.

కాబట్టి కేవలం బిల్లు కోసమే గట్టి కిటికీలు పీకించకండి. షాపతనికి నచ్చదు, నాకు తెలుసు.

అయితే ఈ లెక్కలో రానిది ఒకటుంది. ఎండకి కాగిన అద్దం పక్కన కూర్చుంటే, గదిలో గాలి 26 ఉన్నా ఒంటికి ఉక్కగానే ఉంటుంది. వెంటనే రిమోట్ తీసుకుని 23 చేస్తాం. ఒక్క డిగ్రీ పెంచితే ఏసీ కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. కిటికీ బాగుపడ్డాక 23కి బదులు 26తో సరిపెట్టుకోగలిగితే 18 శాతం దాకా తగ్గుతుంది. నెలకి ఏసీకే 300 యూనిట్లు కాలే ఇంట్లో అది 50 యూనిట్ల పైమాట, అవీ పై శ్లాబులోంచే తగ్గుతాయి. కిటికీ మార్చి కూడా 23లోనే పడుకుంటే ఆ లాభం రాదు.

మరి చవగ్గా ఏం చేయొచ్చు? ఎండని అద్దం బయటే ఆపండి. సన్‌షేడ్ మధ్యాహ్నం ఎండకి పనికొస్తుంది గానీ సాయంత్రం ఎండ ఏటవాలుగా దూరిపోతుంది. అందుకే పడమటి వైపు బయట వెదురు తెర, షేడ్ నెట్ లాంటివి బాగా పనిచేస్తాయి. ముప్పాతిక ఎండ ఆగితే మన 920 వాట్లు (170, 750 కలిపి) 360కి వస్తాయి, సోలార్ కంట్రోల్ గ్లాస్ కన్నా మెరుగు! లోపలి కర్టెన్ అంత పని చేయదు, వేడి అప్పటికే అద్దం దాటి వచ్చేసింది కదా. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ బయట ఏమీ కట్టనివ్వకపోతే అద్దానికి అంటించే సన్ కంట్రోల్ ఫిల్మ్ ఉంది. మరీ ముదురుది వద్దు, అద్దం వేడెక్కి చిట్లే ప్రమాదం ఉంటుంది.

విశాఖ, కాకినాడ వాళ్లకి ఇంకో గొడవ. పాత స్లైడింగ్ కిటికీల సందుల్లోంచి తేమ గాలి వస్తుంది, దాన్ని నీళ్లుగా మార్చి బయటికి పంపడానికే ఏసీ కరెంటు తింటుంది. అక్కడ గట్టిగా మూసుకునే రెక్క తలుపుల కిటికీ, సందులు మూసే మంచి గాస్కెట్ (రబ్బరు పట్టీ) ముఖ్యం.

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో ఉండి చూస్తున్నవాళ్లకి: చలి ప్రాంతంలో లెక్క తిరగబడుతుంది, డబుల్ గ్లాస్ అక్కడ దాదాపు తప్పనిసరి. అక్కడ కిటికీ లేబుల్ మీద యూ ఫ్యాక్టర్ (లోపలికీ బయటికీ ఉన్న వేడి తేడా వల్ల కిటికీలోంచి ఎంత వేడి దాటుతుందో చెప్పే అంకె), ఎస్‌హెచ్‌జీసీ రెండూ రాసి ఉంటాయి. ఎండ ఎక్కువుండే డల్లాస్‌లో మాత్రం రెండోదాన్నీ గట్టిగా చూడండి. కిటికీలకి ఏడాదికి 600 డాలర్ల దాకా వచ్చే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది, ఇంకా ఉందని ఎవరైనా అంటే నమ్మకండి.

[తెరపై: ఒక కొటేషన్ కాగితం, ఖాళీగా ఉన్న గడి మీద వేలు.]

ఫ్రేములు తుప్పు పట్టో, చెదలు పట్టో ఎలాగూ మార్చాల్సి వచ్చిందా? అప్పుడు పడమటి, తూర్పు కిటికీలకే ఖరీదైన గ్లాస్ వేయించండి, ఉత్తరానికి మామూలుది చాలు. కొటేషన్‌లో గ్లాస్ పేరు, మందం, ఎస్‌హెచ్‌జీసీ అంకె రాయించుకోండి. అంకె చెప్పలేకపోతే కంపెనీ డేటా షీట్ అడగండి. అది చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి.