బురుజు మీద నుంచి ఏం కనిపించేది?

శ్రోతలకు నమస్కారం.

"నేను చూడలేదు సార్." దర్యాప్తు అధికారులకు అలవాటైన మాట. చూడలేదా, అక్కణ్నుంచి అసలు కనిపించదా? ఈ రెండో ప్రశ్న దగ్గరే వర్చువల్ రియాలిటీ అక్కరకొస్తుంది. అంటే కళ్లకు హెడ్‌సెట్ తగిలించుకుని, కంప్యూటర్‌లో కట్టిన చోట నిలబడినట్టే చుట్టూ చూడటం.

జర్మనీ సంగతి చెబుతాను. నాజీలు లక్షల మందిని చంపిన ఆష్విట్జ్ శిబిరంలో ఒకప్పుడు కాపలా కాసిన రైన్‌హోల్డ్ హానింగ్‌ను 2016లో, 94 ఏళ్ల వయసులో, డెట్మోల్డ్ కోర్టు విచారించింది. ఇలాంటి కేసుల్లో పెద్ద చిక్కు ఏమిటంటే, లోపల జరిగేది కాపలావాడికి తెలుసా అన్నది. బవేరియా పోలీసు నిపుణుడు రాల్ఫ్ బ్రేకర్ శిబిరం మొత్తాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టాడు. మిగిలిన కట్టడాలను లేజర్‌తో స్కాన్ చేశారు. కూలిపోయినవాటిని పాత ప్లాన్లు, వెయ్యికి పైగా నాటి ఫొటోలు చూసి కట్టారు. చెట్లు కూడా పెట్టారు. అవును, చెట్లు! చూపుకు అడ్డం పడటానికి ఒక్క చెట్టు చాలు కదా. హెడ్‌సెట్ తగిలించుకుంటే కాపలా బురుజు మీద నిలబడి చుట్టూ చూడొచ్చు. హానింగ్‌కు ఐదేళ్ల శిక్ష పడింది. అది ఖాయం కాకముందే చనిపోయాడు.

మామూలు హత్య కేసులోనూ పద్ధతి ఇదే. ఏదీ కదపకముందే ట్రైపాడ్ మీద స్కానర్ పెట్టాలి, దాని కాళ్లు రక్తపు చుక్క మీదో అడుగుజాడ మీదో పడకుండా. లేజర్ మంచం చాటుకు వెళ్లలేదు. అందుకని గదిలో మూడు నాలుగు చోట్ల నుంచి తీస్తారు. బీరువా అద్దం ఉందంటే తంటానే: గోడ అవతల లేని గది ఒకటి పుట్టుకొస్తుంది. లేజర్ కొలిచిన ఆ తప్పుడు చుక్కలు చెరిపేయాలి, చెరిపామని రాసిపెట్టాలి. చివర్లో తలుపు నుంచి కిటికీకి టేపుతో కొలిచి, కంప్యూటర్‌లో కట్టిన మోడల్‌తో సరిచూడాలి. స్కాన్‌కు అందని చోటు ఖాళీగానే ఉండాలి. అందంగా పూడ్చిన మోడల్‌ను నేనైతే నమ్మను.

ఒక్క విషయం మాత్రం గుర్తుపెట్టుకోండి, కళ్ల ఎత్తు. హెడ్‌సెట్ సాధారణంగా పెట్టుకున్న మనిషి ఎత్తునుంచే చూపిస్తుంది. ఆరడుగుల లాయరు కళ్లు దాదాపు ఐదడుగుల ఎనిమిది అంగుళాల దగ్గర ఉంటాయి. ఐదున్నర అడుగుల ప్రహరీ అవతల ఆయనకు అంతా కనిపిస్తుంది. ఐదడుగుల సాక్షికి కనిపించేది ఇటుకలే. కాబట్టి సాక్షి కళ్ల ఎత్తు కొలవాలి, ఆ రోజు చెప్పులున్నాయా, మెట్టెక్కి చూసిందా అడగాలి, ఆ ఎత్తునే మోడల్‌లో బిగించాలి. హెడ్‌సెట్ ఎవరికైనా ఇవ్వడం ఆ తర్వాతే.