కొలెస్ట్రాల్ పెరిగితే తప్పంతా నూనెదేనా?

శ్రోతలకు నమస్కారం.

రక్తపరీక్ష కాగితంలో కొలెస్ట్రాల్ ఎక్కువని రాగానే మన ఇళ్లల్లో మొదట శిక్ష పడేది నూనె డబ్బాకి. తరవాత గుడ్డుకి. పలాస వైపయితే జీడిపప్పుకి. జీడిపప్పు ఏ పాపమూ ఎరగదు. మొక్కల నుంచి వచ్చే ఏ తిండిలోనూ చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఉండదు. నువ్వుల నూనెలో లేదు, వేరుశనగ నూనెలో లేదు, కొబ్బరిలో కూడా లేదు. ప్యాకెట్ మీద "కొలెస్ట్రాల్ లేదు" అని పెద్ద అక్షరాలు వేస్తారు చూడండి, అది వాళ్లు తీసేసిందేమీ కాదు, పుట్టుకతోనే లేదు. మన ఒంట్లో తిరిగే కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగాన్ని ఒళ్లే తయారు చేసుకుంటుంది. అందులో పెద్ద పని కాలేయానిది.

అలాగని నూనె ధారాళంగా పోసుకోమనడం లేదు. కొబ్బరినూనె, పామాయిల్, నెయ్యి, వేటమాంసంలో కొవ్వు, వీటిలో ఉండే సంతృప్త కొవ్వు చెడ్డ కొలెస్ట్రాల్‌ని, అంటే ఎల్‌డీఎల్‌ని పెంచుతుంది. కూరలో నూనె తగ్గిస్తే మంచిదే. కానీ ఆ కాగితంలోనే ట్రైగ్లిజరైడ్లు అని ఇంకో అంకె ఉంటుంది, అది రక్తంలో తిరిగే ఇంకో రకం కొవ్వు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. అది 150 లోపు ఉండాలి. 500 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. ఈ అంకెని పెంచేవాటిలో అన్నం ఉంది, పంచదార ఉంది, మందు ఉంది. అవసరానికి మించి తిన్న పిండిపదార్థాన్ని కాలేయం కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. "కార్తీకమాసం అంతా నీచు ముట్టలేదు బాబూ, మరెలా పెరిగింది?" అని ఒక పెద్దాయన నాతో దెబ్బలాటకి వచ్చాడు. నీచు ముట్టలేదు, నిజమే. రాత్రి ఉపవాసం పేరుతో పూరీలు, పరమాన్నం, నాలుగు అరటిపళ్లు! చోడి అంబలి మంచిదేనా అని చాలామంది అడుగుతారు. మంచిదే, పీచు ఉంది. అయితే చోళ్లలోనూ ఎక్కువున్నది పిండే. అంబలి తాగి, దాని మీద కంచం నిండా అన్నం పెట్టుకుంటే లెక్క మళ్లీ మొదటికే వస్తుంది. అన్నం సగం తగ్గించి ఆ చోటు పప్పుకీ ఆకుకూరకీ ఇవ్వండి. తిండి గురించి ఇంతకు మించి చెప్పను, ఎందుకంటే ఇవాళ నేను చెప్పాలని వచ్చిన సంగతి వేరే.

ఆమదాలవలస దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్లుంటాయి. మొత్తం కొలెస్ట్రాల్ 312, ఎల్‌డీఎల్ 220. "నూనె సుక్క ముట్టనేదు బాబూ, మూడు నెల్లయింది. ఏటి సేసినా దిగట్నేదు" అంది. పక్కన కోడలు, అవును అన్నట్టు తలూపింది. ఉడకబెట్టిన కూరలు, మజ్జిగ, గుప్పెడు అన్నం. అంతే తింటోందట. అయినా బరువు పెరుగుతోంది. అంతకుముందే ఎవరో రాసిన కొలెస్ట్రాల్ మాత్ర కూడా వేసుకుంటోంది. అది మొదలుపెట్టాక తొడలు, పిక్కలు ఒకటే పీకులు. ఇంట్లో వాళ్లకి అనుమానం: చాటుగా ఏదో తింటోందని! ఆ మాట కోడలు చెప్తుంటే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను తిండి గురించి అడుగుతూనే ఉన్నాను. ఇంతలో ఆమె ఫోను మోగింది. హైదరాబాదులో ఉన్న తమ్ముడు. ఈమె "ఆఁ" అంది. అవతల నుంచి అతను, "బావా, అప్పకివ్వు ఫోను" అన్నాడు. గట్టిగా మాట్లాడే మనిషి, నాకూ వినిపించింది. కోడలు ఫక్కున నవ్వి, "ఈమధ్య ఎవరు చేసినా మావయ్యే అనుకుంటన్నారండి" అంది.

గొంతు. ఆ గొంతు బొంగురుపోయి చాలా రోజులైంది. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది. అప్పుడు ముఖం వైపు సరిగ్గా చూశాను. కళ్ల కింద ఉబ్బు, చర్మం పొడిబారి ఉంది. ఎండాకాలంలో నిండా చీర కొంగు కప్పుకుని కూర్చుంది. చలి వేస్తోందా అంటే వేస్తోంది. మలబద్ధకమా అంటే అవును. థైరాయిడ్ పరీక్ష రాశాను. టీఎస్‌హెచ్ 58 వచ్చింది. ఉండాల్సింది సుమారు నాలుగు లోపు. ఈ అంకె ఇలా పెరిగిందంటే ఒంట్లో థైరాయిడ్ హార్మోను తగ్గిందని అర్థం.

థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాం. కొలెస్ట్రాల్ మాత్ర అప్పటికి ఆపించాను. థైరాయిడ్ తక్కువగా ఉండగా ఆ మాత్ర పడితే కండరాల నొప్పులు వచ్చే అవకాశం ఎక్కువ. నాలుగు నెలల తరవాత మొత్తం కొలెస్ట్రాల్ 208. కూరలో మళ్లీ తాలింపు పడింది, అన్నం మామూలుగా తింటోంది, అయినా 208. అన్నిటికన్నా నాకు నచ్చింది, తమ్ముడు ఇప్పుడు ఫోను చేస్తే "అప్పా" అంటున్నాడట.

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను. కోతల రోజుల్లో మన రైసుమిల్లుల ముందు ధాన్యం బళ్లు బారులు తీరతాయి కదా. రోడ్డు మీద పోయేవాళ్లు బళ్లు ఎక్కువొచ్చాయనుకుంటారు. లోపలికి వెళ్లి చూస్తే కళాసీలు రాలేదు, బస్తాలు దించేవాళ్లు లేరు. రక్తంలోంచి ఎల్‌డీఎల్‌ని పట్టి లోపలికి లాగే గ్రాహకాలు కాలేయం మీద ఉంటాయి. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఆ గ్రాహకాలూ తగ్గుతాయి. దించుకునేవాళ్లు లేక ఎల్‌డీఎల్ రక్తంలోనే తిరుగుతూ ఉండిపోతుంది. మనం మాత్రం కంచం మీదే చూస్తాం.

థైరాయిడ్ ఒక్కటే కాదు. షుగరు అదుపు తప్పితే ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది. మూత్రంలో ప్రోటీన్ విపరీతంగా పోయే కిడ్నీ జబ్బులో, పోయినదాన్ని భర్తీ చేసే హడావిడిలో కాలేయం రక్తంలో కొవ్వుని మోసే రేణువులను కూడా ఎక్కువగా తయారు చేస్తుంది. ఒళ్లు నీరు పట్టి, కొలెస్ట్రాల్ బాగా పెరిగి ఉంటే మూత్రపరీక్ష చేయించాల్సిందే. కవిటి, సోంపేట, మందస వైపు శ్రోతలకి ఒక మాట. ఉద్దానంలో మనం చూసే కిడ్నీ జబ్బులో చాలామందికి మూత్రంలో ప్రోటీన్ అంతగా పోదు. అందుకని మూత్రం ఒక్కటే చూసి ఊరుకోకండి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ కూడా రక్తంలో చూపించుకోండి.

మలేరియా, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చినప్పుడు ఇది తిరగబడుతుంది. కొలెస్ట్రాల్ దానంతట అదే పడిపోతుంది. జ్వరంలో తీసిన రిపోర్టు చూసుకుని "నాకు తగ్గిపోయింది" అని సంబరపడేవాళ్లున్నారు. నెలా రెండు నెలలు ఆగి, ఒళ్లు కుదుటపడ్డాక మళ్లీ చేయించుకోవాలి.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే. కొలెస్ట్రాల్ ఎక్కువని తేలిన రోజున, నూనె డబ్బా అటకెక్కించే ముందు, డాక్టరుగారిని ఇలా అడగండి: "థైరాయిడ్, షుగరు, మూత్రం, క్రియాటినిన్ చూశారా అండీ?" అడగడానికి మొహమాటం వద్దు. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు పొద్దున్నే పరగడుపున మంచినీళ్లతో వేసుకోండి. ఓ గంట దాకా టీ వద్దు. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే వాటికి నాలుగు గంటలు ఎడం పెట్టండి.

టైమయిపోయిందని సైగ చేస్తున్నారు. ఇదొక్కటి చెప్పి లేస్తాను. గుండెపోటు వచ్చినవాళ్లు, స్టెంటు వేయించుకున్నవాళ్లు, పక్షవాతం వచ్చి తేరుకున్నవాళ్లు నా మాటలు విని కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయకండి. ఆమెకి ఆపించింది ఆమె సంగతి చూసి. మీ మాత్ర మీకు రాసినవారిని అడగకుండా ఒక్క పూట కూడా మానొద్దు.

నమస్కారం.