తొండ ముదిరితే ఏమవుతుంది?

(బెంగళూరులోని ఒక అపార్ట్‌మెంట్ సముదాయంలో తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందని మన సామెత. మనుషుల మీద విసుగు పుట్టినప్పుడు వాడే మాట అది. ఈ రోజు మాత్రం దాన్ని అక్షరాలా తీసుకుని మాట్లాడతాను. ఎందుకంటే జీవపరిణామం గురించి మనలో చాలామందికి ఉన్న ఊహ అచ్చం ఆ సామెతలాగే ఉంటుంది. చుట్టూ ఎండో వానో ఊరో మారుతుంది, లోపల ఉన్న జంతువు కూడా మెల్లగా మారి మరొకటవుతుంది అనుకుంటాం. తొండ ఎంత ముదిరినా తొండగానే చనిపోతుంది. ఊసరవెల్లి దానికి దగ్గరి చుట్టమే, కానీ కోట్ల ఏళ్ళ కిందటే దాయాదులు వేరుపడ్డారు. ఒక తొండ తన బతుకులో చేసుకోగలిగిన మార్పు వేరు, తరాల మీద తొండల వంశంలో వచ్చే మార్పు వేరు. ఈ రెండూ కలిసిపోతే చాలా పొరపాటు నిర్ణయాలకు వస్తాం. ఆ నిర్ణయాల సంగతి చివర్లో చెబుతాను.

మన బి బ్లాకు వెనుక ప్రహరీ గోడ మీరందరూ చూసిందే. పూత లేని రాతి గోడ. అక్కడ తిరిగేది మన పల్లెల్లో కంచె మీద కనిపించే తొండ కాదు, రాతి తొండ. దక్షిణ భారతం గుట్టలే దాని ఇల్లు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీలో పరిశోధకులు దీని సంతాన కాలాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. మా ఊరు ఆ పక్కనే కాబట్టి చిన్నప్పటి నుంచి దీన్ని ఎరుగుదును. మేము దీన్ని రాళ్ళతో కొట్టేవాళ్ళం. ఆ మాట ఇప్పుడు చెప్పడానికి బాధగా ఉంది, కానీ చెప్పాలి.

గత ఆదివారం పది గంటలప్పుడు ఆ గోడ దగ్గర నిలబడ్డాను. మగ తొండ ఒకటి అంచు మీదికి ఎక్కి కూర్చుంది. మొదట మట్టి రంగులో, రాయిలో రాయిలా ఉంది. ముందు కాళ్ళు నిలబెట్టి, దించి, మళ్ళీ నిలబెట్టింది. దండీలు తీస్తున్నట్టే ఉంటుంది చూడటానికి. రెండు గజాల దూరంలో రాళ్ళ సందులోంచి ఆడ తొండ తల బయటపెట్టింది. అంతే, నేను చూస్తుండగానే మగదాని వీపు మీది పట్టీ నిప్పు కణికలా ఎర్రబడింది, పక్కలు కాటుక రాసినట్టు నల్లబడ్డాయి. అదే మరో మగ తొండ ఎదురైతే ఈ రంగులు రావు. వీపు పసుపవుతుంది, పక్కలు నారింజ రంగుకు తిరుగుతాయి. ప్రేమకు ఒక వేషం, పోట్లాటకు ఒక వేషం. రంగులు మార్చడంలో ఊసరవెల్లికి పేరు వచ్చింది గానీ, దానికి తీసిపోని జీవి మన గోడ మీదే ఉంది.

బెంగళూరు పుట్టిందే రాతి మీద. లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం నిలబడ్డ గుట్ట వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు. ఊరు పెరిగి గుట్టలు పోతుంటే రాతి తొండ ఇళ్ళ మధ్య ఖాళీ స్థలాల్లోకి, ఇటుకల కుప్పల్లోకి, ప్రహరీ గోడల మీదికి వచ్చింది. ఈ వలసను ఇక్కడి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో మరియా థాకర్ బృందం చాలా ఓపికగా పరిశీలించింది. నగరపు మగ తొండల రంగులు పల్లె తొండల రంగులంత మెరవవని గమనించారు. ఆ బృందంలోని అనురాధా బటబ్యాల్, థాకర్ 2019లో ప్రచురించిన ప్రయోగం నాకు మరీ ఇష్టం. తొండకు దాక్కోవడానికి రెండు చోట్లు ఇచ్చారు, ఒకటి క్షేమం, రెండోది కాదు. ఏది క్షేమమో నగర శివార్ల తొండలు పల్లె తొండల కంటే త్వరగా నేర్చుకున్నాయి. తరువాత క్షేమమైన చోటును తారుమారు చేశారు. పాత పాఠం మరిచి కొత్తది పట్టుకోవడంలోనూ శివార్ల తొండలే ముందున్నాయి. నిద్ర గురించి కూడా ఆ బృందం పరిశోధించింది. ఊళ్ళో తొండలు రాత్రి పడుకోవడానికి సొంత రాళ్ళను పోలిన గరుకు కాంక్రీటు చోట్లను, పైన కప్పు ఉండి దీపాల వెలుగు అంతగా పడని మూలలను వెతుక్కుంటాయి. పరాయి ఊళ్ళో మనవాళ్ళ వంట దొరికే మెస్సు కోసం తిరిగిన మనకు ఆ వెతుకులాట తెలియనిది కాదు.

ఇదంతా నేర్పు, సర్దుబాటు. నేర్చుకున్న పాఠం మాత్రం గుడ్డులోకి దిగదు. ఏ మూల క్షేమమో తల్లికి తెలిసినా, పిల్ల మళ్ళీ మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే. మరి గుడ్డులోకి దిగేది ఏమిటి?

ఈ రాత్రి ట్యూబులైటు దగ్గర కిటికీ అద్దం మీదికి బల్లి వచ్చినప్పుడు దాన్ని అదిలించకండి. అద్దానికి ఇవతల వైపు నుంచి కాలివేళ్ళు చూడండి. వేళ్ళ కింద అడ్డంగా సన్నని మడతలు కనిపిస్తాయి. ఆ మడతల నిండా కంటికి అందనంత సన్నని వెంట్రుకలు లక్షల్లో ఉంటాయి. జిగురు లేదు, గాలి పీల్చుకునే గిన్నెలూ లేవు. అంత సన్నని కొనలు అద్దానికి అంత దగ్గరగా ఆనినప్పుడు అణువుల మధ్య పుట్టే ఆకర్షణే బల్లిని పట్టి ఉంచుతుంది. ఇలాంటి మెత్తలే కరీబియన్ దీవుల్లో అనోలిస్ అనే బల్లులకూ విడిగా ఏర్పడ్డాయి. నేను చెప్పబోయే కథ వాటిదే.

2017లో కోలిన్ డోనిహ్యూ అనే శాస్త్రవేత్త, ఆయన తోటివారు టర్క్స్ అండ్ కైకోస్ దీవుల్లో రెండు చిన్న లంకల మీద అనోలిస్ బల్లులను పట్టి, కాళ్ళు, వేళ్ళు కొలిచి వదిలేశారు. వాళ్ళు వచ్చింది వేరే పని మీద. వెనుదిరిగిన కొద్ది రోజులకే ఇర్మా తుఫాను, రెండు వారాల తేడాతో మరియా తుఫాను ఆ లంకల మీదుగా పోయాయి. ఆరు వారాల తరువాత వాళ్ళు మళ్ళీ వెళ్ళి, బతికి ఉన్నవాటిని కొలిచారు. సగటు మారిపోయింది. బతికినవాటి వేళ్ళ మెత్తలు పెద్దవి, ముందు కాళ్ళు పొడుగు, వెనుక తొడలు పొట్టి.

వెనుక తొడలు పొట్టిగా ఎందుకున్నాయి? దానికి వాళ్ళు ఒక పరీక్ష చేశారు. బల్లిని కర్ర మీద ఉంచి, ఎండుటాకులు ఊదే యంత్రంతో గాలి పెంచుతూ పోయారు. పడితే దెబ్బ తగలకుండా వెనుక వల కట్టారు. గాలి పెరిగేకొద్దీ బల్లి కర్రకు అవతలి వైపు చేరి కరుచుకుంటుంది. బయటికి పొడుచుకొచ్చిన తొడలకు గాలి తగిలి మొదట వెనుక కాళ్ళ పట్టు ఊడిపోతుంది. ఆ తరువాత శరీరం మొత్తం జెండాలా గాలిలో రెపరెపలాడుతుంటే ముందు కాళ్ళు మాత్రమే ఉడుము పట్టు పడతాయి. పొడవు తొడ తెరచాపలా గాలిని పట్టుకుంటుంది, పొట్టి తొడకు ఆ బాధ తక్కువ.

పిల్లలూ, ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. తుఫానులో ఏ బల్లికీ వేళ్ళ మెత్తలు పెరగలేదు, ఏ బల్లి తొడా కురచ కాలేదు. చిన్న మెత్తలున్నవి ఎక్కువగా సముద్రంలోకి కొట్టుకుపోయాయి. సగటు మారడమంటే అదే. ఏడాదిన్నర తరువాత వెళ్ళి చూస్తే ఆ పెద్ద మెత్తలు అలాగే నిలిచి ఉన్నాయి. ఆపైన 188 అనోలిస్ జాతులను పోల్చి చూశారు. గడిచిన 70 ఏళ్ళలో తుఫానులు ఎక్కువగా వచ్చిన చోట్ల జాతులకు మెత్తలు పెద్దవిగా ఉన్నాయి. బతికినవాళ్ళ వేళ్ళలో తుఫానుల చరిత్ర మిగిలింది.

నగరాలు కూడా ఈ పని చేస్తాయా? ప్యూర్టో రికోలో క్రిస్టిన్ వించెల్ ఆ ప్రశ్నే వేసుకున్నారు. అక్కడి పట్టణాల అనోలిస్ బల్లులకు అడవి బల్లుల కంటే కాళ్ళు పొడుగు, వేళ్ళ కింద మడతలు ఎక్కువ. నున్నటి గోడల మీద పరుగెత్తాలంటే రెండూ కావాలి. అయితే ఇది గోడల మీద పెరగడం వల్ల వచ్చిందా, పుట్టుకతోనే వచ్చిందా? పట్టణపు బల్లుల పిల్లలను, అడవి బల్లుల పిల్లలను ఒకే చోట, ఒకే తిండితో పెంచి చూశారు. తేడా పోలేదు. తరాల మార్పును, ఒక్క బతుకులోని సర్దుబాటును విడదీసి చూపించే ఇంత శుభ్రమైన పద్ధతి మరొకటి లేదని నా అభిప్రాయం.

ఇప్పుడు మొదట చెప్పిన పొరపాటు నిర్ణయాల దగ్గరికి వస్తాను. చెట్టు కొట్టినా, గుట్ట పగలగొట్టినా ఒక మాట వినిపిస్తుంది: "అవే అలవాటు పడతాయిలే." ఈ మాట విన్నప్పుడల్లా నాకు గుండెలో గుచ్చుకుంటుంది. అలవాటు పడినవి మన కళ్ళ ముందు ఉంటాయి. కొట్టుకుపోయినవి ఉండవు కదా. పెద్ద మెత్తలున్న బల్లులు ముందే కొన్ని లేకపోతే ఆ లంకల మీద సగటు మారేది కాదు, బల్లులే మిగిలేవి కావు. మెక్సికోలో బ్యారీ సినర్వో బృందం 200 చోట్ల బల్లులను వెతికి 2010లో ఫలితం ప్రకటించింది. 1975 తరువాత 12 శాతం చోట్ల అవి కనబడకుండా పోయాయి. ఎండ నేరుగా చంపలేదు. వేడికి తాళలేక పగలు ఎక్కువసేపు నీడలో దాక్కోవాల్సి వచ్చింది. దాక్కున్నంతసేపు తిండి లేదు. సంతాన కాలంలో ఆడవాటికి ఆ తిండి చాలకపోతే తరువాతి తరమే లేదు.

మన శేషాచలం కొండల బంగారు బల్లిని తలుచుకోండి. కంచి గుడిలో తాకే బంగారు బల్లి కాదు, ప్రాణమున్నది. బండల నెర్రెల్లో, గుహల్లో ఉంటుంది, గుడ్లను గుంపులుగా రాతికే అంటిస్తుంది. దాని ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు, రెండోది శ్రీలంకలో ఉంది. ఆ బండలు పోతే అది ఏ గోడ మీదికి వస్తుంది?

మన సంఘంలో బి బ్లాకు గోడకు నున్నగా సిమెంటు పూత వేయించి, పైన వరుసగా దీపాలు పెట్టించాలన్న ప్రతిపాదన ఉంది. దీపాలు గేటు వైపు పెట్టుకుందాం, ఆ వెనుక గోడను మాత్రం ఉన్నది ఉన్నట్టు వదిలేద్దామని నా మనవి. ఆ సందులు పూడ్చితే రాత్రి తలదాచుకునే చోటు పోతుంది.

ఇప్పుడు పదకొండు కావస్తోంది. గోడ వేడెక్కి ఉంటుంది. రావాలనుకున్న పిల్లలు నాతో రండి. మీ నీడ గోడ మీద పడకుండా నాలుగు గజాల దూరంలో, చప్పుడు చేయకుండా నిలబడాలి. ఎడమ నుంచి మూడో స్తంభం పక్కన, పైవరుస రాళ్ళ మీద చూడండి. మొదట ఏమీ కనిపించదు.