జబ్బు తగ్గాక వచ్చే పాజిటివ్

అందరికీ నమస్కారం.

కోవిడ్ తగ్గి, నెగెటివ్ వచ్చి, ఇంటికెళ్ళిన మనిషికి కొన్నాళ్ళకి మళ్ళీ పాజిటివ్. 2020 వసంతంలో దక్షిణ కొరియాలో ఇలాంటివాళ్ళు ఒకరూ ఇద్దరూ కాదు, వందల్లో తేలారు. వైరస్ ఒంట్లోనే నక్కి మళ్ళీ లేచిందా, లేక కొత్తగా అంటుకుందా అని అందరూ హడలిపోయారు. జవాబు చాలావరకు పరీక్ష పనిచేసే తీరులోనే ఉంది.

ముక్కులోంచి పుల్లతో తీసిన నమూనాలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ, అంటే దాని జన్యుపదార్థం ఉంటే, ఆర్‌టీ-పీసీఆర్ పరీక్ష దాన్ని డీఎన్‌ఏగా మార్చి, ఒక్కో సైకిల్‌కి, అంటే ఒక్కో విడతకి, రెట్టింపు చేస్తూ పోతుంది. పది సైకిళ్ళకి ఒకటి వెయ్యి దాటుతుంది, ఇరవైకి పది లక్షలు దాటుతుంది. మామూలుగా 40 దాకా తిప్పుతారు. అంత పెంచితే ఏ మూలనున్న శకలమైనా బయటపడుతుంది. అయితే ఈ పరీక్ష వెతికేది ఆ జన్యుపదార్థంలో చిన్న భాగాన్నే. మిగతాది చెక్కుచెదరకుండా ఉందో, తునాతునకలైందో దానికి పట్టదు. శ్వాసనాళం లోపలి పొరలో వైరస్ సోకిన కణాలు ఒక్కరోజులో రాలిపోవు. వారాల తరబడి రాలుతూ, ఆ శకలాలను వెంట తెస్తుంటాయి. వాన వెలిసినా చూరు కారుతూనే ఉంటుంది కదా.

నన్నడిగితే, జనాన్ని తికమక పెట్టింది రెండో పాజిటివ్ కాదు, మధ్యలో వచ్చిన నెగెటివ్. శకలాలు అంత తక్కువైనప్పుడు ఒక పుల్లకి తగులుతాయి, మరో పుల్లకి తగలవు. పుల్ల ఎంత లోపలికి వెళ్ళిందన్నది కూడా లెక్కలోకొస్తుంది.

కొరియా వాళ్ళు దీన్ని ఊహకి వదిలెయ్యలేదు. మళ్ళీ పాజిటివ్ వచ్చిన 285 మందిని, వాళ్ళతో మెలిగిన 790 మందిని వెతికి పట్టుకుని పరిశీలించారు. వీళ్ళ వల్లే సోకిందని తేలిన కేసు ఒక్కటీ లేదు. 108 మంది నమూనాలను కల్చర్ చేశారు. అంటే గిన్నెలో పెంచిన బతికున్న కణాల మీద నమూనా వేసి, రోజుల తరబడి కనిపెట్టి చూడటం. సజీవ వైరస్ ఉంటే ఆ కణాలు గుండ్రంగా ముడుచుకుని, ఊడి, పొరలో ఖాళీలు పడతాయి. ఒక్క నమూనాలోనూ వైరస్ పెరగలేదు. ఆ మే నెలలోనే వీళ్ళని విడిగా ఉంచడం మానేశారు. ఆ నెల 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, ఐసొలేషన్ ముగించడానికి వరసగా రెండు నెగెటివ్‌లు కావాలన్న పాత షరతు పక్కనపెట్టి, లక్షణాలు మొదలైన రోజునుంచి రోజులు లెక్కపెట్టమంది. అప్పటిదాకా ఒంట్లో బాగానే ఉన్నా, కాగితం కోసం వారాల తరబడి గదుల్లో మగ్గినవాళ్ళ మాటేమిటి? దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

అలాగని ప్రతి రెండో పాజిటివ్‌నీ కొట్టిపారేయలేం. 2020 ఆగస్టులో హాంకాంగ్ పరిశోధకులు, మొదటిసారి సోకిన 142 రోజులకి మళ్ళీ పాజిటివైన ఒకరి వైరస్ జన్యుక్రమాలు రెండూ పోల్చారు. రెండూ వేరువేరు. అది నిజంగా కొత్త ఇన్‌ఫెక్షనే. కాబట్టి రిపోర్టు చేతికొచ్చినప్పుడు డాక్టరు అడిగేవి వేరే: మొదటి జబ్బు ఎన్నాళ్ళ కిందటిది? ఇప్పుడు కొత్తగా జ్వరం, దగ్గు ఉన్నాయా? సీటీ విలువ ఎంత, అంటే ఎన్నో సైకిల్‌కి వైరస్ జాడ బయటపడింది? ఎక్కువుంటే సాధారణంగా ఆర్‌ఎన్‌ఏ తక్కువని అర్థం, కానీ కిట్‌ని బట్టీ, నమూనా తీసిన తీరుని బట్టీ అది మారుతుంది కాబట్టి దాన్నొక్కదాన్నే నమ్మకూడదు.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళది, అంటే అవయవ మార్పిడి అయినవాళ్ళు, కొన్ని రక్త క్యాన్సర్లున్నవాళ్ళది వేరే లెక్క. కొందరిలో సజీవ వైరసే నెలల తరబడి ఉండిపోవచ్చు. వీళ్ళకి పాజిటివ్ వస్తే పాత శకలాలేలే అని వదిలెయ్యకుండా, చికిత్స చేస్తున్న డాక్టరుకి ఆరోజే చెప్పాలి.

ఇక మీ ప్రశ్నలు అడగండి.