అవ్వ చెప్పిన జవాబు ఏమైంది?
(గణాంక దినోత్సవం నాడు కనిగిరిలో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, మాస్టర్లకు నమస్కారం. పిల్లలూ, జూన్ 29 గణాంక శాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజు. జాతీయ నమూనా సర్వే 1950లో ఆయన చొరవతోనే మొదలైంది. ఆయన గురించి నాలుగు కాగితాలు రాసుకొచ్చాను, జేబులోనే ఉన్నాయి. కానీ బస్సు పొదిలి దాటేసరికి ఒక అవ్వ గుర్తొచ్చింది. ముందు ఆమె సంగతి చెప్పనివ్వండి.

ఇరవై ఏళ్ల కిందట ఫ్లోరైడు సర్వేకని ఈ పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగాను. నడుం వంగి, మోకాళ్లు చాపలేక వేపచెట్టు కింద కూర్చుని ఉందామె. ఏ నీళ్లు తాగుతారు, ఎన్నేళ్లుగా, నొప్పులు ఏ ఏడు మొదలైనాయి అని అడిగితే ముప్పావుగంట ఓపిగ్గా చెప్పింది. రెండేళ్లకు అదే ఫారం పట్టుకుని మళ్లీ పోయాను. "ఏంది నాయనా, పోయినసారి చెప్పిందంతా ఏం చేశావు?" అనింది.

ఏం చేశామంటే, పోగొట్టాం. మొదటి సర్వే ఎక్కించిన సాఫ్ట్‌వేర్ ఒకటి, తర్వాత వచ్చినవాళ్లది ఇంకొకటి. జవాబులన్నీ అంకెలుగా ఎక్కించాం, చేతికొచ్చింది ఉత్త ఆ అంకెల వరసలు. 2 అంటే బోరా, బావా? ఏ అంకెకు ఏ జవాబో చెప్పే పట్టిక పాత సాఫ్ట్‌వేర్ లోపల ఉండిపోయింది, దాని లైసెన్సు అయిపోయింది. 99 అంటే "తెలియదు" అని మేం పెట్టుకున్న గుర్తు. కొత్తది దాన్ని 99 ఏళ్లు అనుకుంది. బోరు నీళ్లు 99 ఏళ్లుగా తాగుతున్నవాళ్లు ఊరినిండా తేలారు! బోరూ ట్యాంకరూ రెండూ అన్నవాళ్లకు మొదటిదే మిగిలింది.

దీనికి మందు అప్పటికే ఉంది, అదీ నా బాధ. 1994లోనే బ్రిటన్‌లో సర్వే సాఫ్ట్‌వేర్లు తయారుచేసేవాళ్లే కలిసి ట్రిపుల్-ఎస్ అనే ప్రమాణం పెట్టుకున్నారు. రెండు ఫైళ్లు. ఒకదాంట్లో జవాబులు. రెండోదాంట్లో ప్రశ్న ఏంటి, జవాబు ఒకటేనా, ఒకటి కంటే ఎక్కువా, అంకెనా, 1 అంటే ఏంటి, 2 అంటే ఏంటి, అది ఎన్నో గడిలో ఉంది. ఇది తెలిసిన ఏ సాఫ్ట్‌వేరైనా చదువుకుంటుంది. రుసుము లేదు. ఎవర్ని అడిగారు, ఎప్పుడు అడిగారు, ఇళ్లు ఎలా ఎంచారు అనే సమాచారానికి డీడీఐ అని ఇంకోటి 1995లో అమెరికాలో మొదలైంది. మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

ఎప్పుడు అడిగారన్నది చిన్న విషయమనుకోకండి. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడు నీళ్లతో వచ్చే ఈ ఎముకల జబ్బును, మొదట 1937లో గుర్తించింది నెల్లూరు జిల్లాలో. అప్పుడు కనిగిరి, పొదిలి, దర్శి అన్నీ నెల్లూరువే. 1970లో కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలోకొచ్చాయి, అదే తర్వాత ప్రకాశం అయింది. కందుకూరు కూడా ప్రకాశంలో ఉండి 2022లో నెల్లూరుకు పోయింది. ఫైల్లో ఉత్త "నెల్లూరు" అని ఉంటే ఏ నెల్లూరని చదవాలి?

మహలనోబిస్ గారి కాగితాలు ఇంక తియ్యను, టైము లేదు. ఒక్కటి అడుగుతాను, చేతులెత్తండి. పోయినేడు మీ సీనియర్లు చేసిన ప్రాజెక్టు ఫైలు తెరిచి, ప్రశ్నలతో సహా చదవగలిగినవాళ్లు ఎవరు? ...ఎవరూ లేరు. మీరిప్పుడు ఫోన్లో ఫారాలు చేస్తున్నారు. అందులో ప్రశ్నల షీటు ఒకటి, 1 అంటే ఏంటి, 2 అంటే ఏంటి అని చెప్పే జవాబుల పట్టిక షీటు ఒకటి ఉంటాయి కదా, డేటాతోపాటు ఆ రెండూ దాచండమ్మా. మాస్టర్లూ, మీకు దండం పెడతాను. ఆ రెండూ లేని ప్రాజెక్టుకు మార్కులు వెయ్యొద్దు. సర్వేలు కాంట్రాక్టుకిచ్చే అధికారులు ఎవరన్నా ఇక్కడుంటే, డేటా ఇలాంటి ప్రమాణంలోనే అప్పజెప్పాలని ఒప్పందంలో ఒక్క వాక్యం రాయించండి.

అవ్వ రెండోసారీ కసురుకోకుండా చెప్పింది. నొప్పులు ఏ ఏడు మొదలైనాయో మొదటిసారి గుర్తుపెట్టుకుని చెప్పింది, పెద్దకొడుకు పెళ్లయిన ఏడు అని. ఈసారి చాలాసేపు ఆలోచించింది. "తెలీటంలేదు నాయనా" అనింది. నేను ఫారంలో 99 వేసుకుని లేచొచ్చాను.