చెరువు దగ్గర నీరుగంటి, సచివాలయంలో కంప్యూటరు

శ్రోతలందరికీ నమస్కారం.

మాది చంద్రగిరి పక్కన ఒక పల్లె. నా చిన్నప్పుడు మా చెరువుకు ఒక నీరుగంటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు నీళ్లు వదలాలి, ఈ వానకు చెరువు నిండి మొరవ పోతుందా పోదా, కట్టలో ఎండ్రకాయలు ఎక్కడ బొక్కలు పెట్టాయి, అన్నీ ఆయనకే తెలుసు. బడికి పోయిన మనిషి కాదు, కానీ ఊరి ఆయకట్టంతా ఆయన బుర్రలో ఉండేది. కోతలు అయ్యాక ప్రతి ఇంటివాళ్లూ ఆయనకు వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. ఎవరి కయ్యైనా ఎండిపోయిందంటే ఆ రైతు నేరుగా ఆయన ఇంటికి పోయి, "ఏమన్నా, నా కయ్యకు నీళ్లెందుకు పారలేదు" అని అడిగేవాడు. ఆయన జవాబు చెప్పాల్సిందే, తప్పించుకునే దారి లేదు.

ఈ రోజు పరిపాలనలో కృత్రిమ మేధ గురించి, అంటే మనమంతా ఏఐ అంటున్నామే దాని గురించి మాట్లాడమన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఆ నీరుగంటే.

సుస్థిరాభివృద్ధి అనే మాట మీరు వినే ఉంటారు. ఇప్పటి మన అవసరాలు తీరాలి, రేపు పుట్టబోయే పిల్లల అవసరాలకు గండి పడకూడదు. 1987లో ఐక్యరాజ్యసమితి వేసిన బ్రంట్‌లాండ్ కమిషన్ చెప్పింది ఇదే, 2015లో ఐక్యరాజ్యసమితి దేశాలన్నీ 2030 నాటికి సాధిద్దామని పెట్టుకున్న 17 లక్ష్యాల వెనక ఉన్నదీ ఇదే. మన జిల్లాలో అయితే దీనికి పుస్తకం అక్కర్లేదు, బోరు చాలు. మా తాత మోట తోలిన బావి నలభై అడుగులు కూడా లేదు. మా నాయన మూడు వందల అడుగుల బోరు వేశాడు. ఇప్పుడు మా పక్క చేనాయన వెయ్యి అడుగులు దించినా దుమ్మే వచ్చింది, అప్పు మాత్రం మిగిలింది.

భూమి లోపల నీళ్లు ఎంత లోతులో ఉన్నాయో చూడటానికి భూగర్భ జలశాఖ పీజోమీటర్లు పెట్టింది. అదేం పెద్ద విచిత్రం కాదు. నీళ్లు తోడని ఒక బోరులో, నీటి మట్టం కిందికి ఒక చిన్న పరికరాన్ని వేలాడదీస్తారు. పైన ఉన్న నీళ్లు దాన్ని ఎంత బరువుతో నొక్కుతున్నాయో అది కొలుస్తుంది, నీటి మట్టం దిగితే ఆ ఒత్తిడి తగ్గుతుంది, ఆ లెక్క ఫోన్‌లో ఉండేలాంటి సిమ్ కార్డు ద్వారా ఆఫీసుకు చేరుతుంది. ఇంకోవైపు శ్రీహరికోట, 2022లో జిల్లాలు విడిపోయాక అది మన తిరుపతి జిల్లాలోదే, అక్కడి నుంచి పైకి పోయిన ఉపగ్రహాలు మన చేలను ఫొటోలు తీస్తున్నాయి. పచ్చటి ఆకు ఎర్రటి వెలుగును తాగేసి, మన కంటికి కనపడని పరారుణ వెలుగును తిప్పి కొడుతుంది. ఆకు వాడిపోతే ఈ లెక్క మారుతుంది. ఆ తేడా చూసి ఏ చేను దాహంతో ఉందో చెప్పొచ్చు. ఇటు గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, అక్కడి రాడార్ మన నెత్తి మీద గాలి ఎటు కదులుతోందో కొలుస్తుంది. నీళ్ల లెక్క, పంట లెక్క, గాలివాన లెక్క, మూడూ మన గడప దగ్గరే ఉన్నాయి. వీటిని పక్కపక్కన పెట్టి, ఈ ఏడు ఈ మండలంలో వరి పెడితే జనవరికి బోర్లు ఎండిపోతాయని జూన్‌లోనే చెప్పగలిగితే, ఏఐ అంటే నాకు అదే చాలు.

2021 నవంబరులో తిరుపతిని ముంచిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. స్వర్ణముఖి పొంగింది, ఊళ్లోకి నీళ్లొచ్చాయి, ఆ తర్వాత రాయలచెరువు కట్ట నుంచి నీళ్లు ఊరుతున్నాయని తెలిసి కింది పల్లెలను ఖాళీ చేయించారు. అన్ని వందల ఏళ్ల చెరువు తెగుతుందేమోనని ఆ రాత్రులు మేమెవరం కన్ను మూయలేదు. ఇసుక బస్తాలు వేసి ఎలాగో నిలబెట్టారు. కట్టలో నీటి ఒత్తిడి పెరుగుతుంటే ముందే చెప్పే పరికరాలు చాలా దేశాల్లో డ్యాముల్లో ఉన్నాయి, మన దగ్గర పెద్ద డ్యాములకూ ఉన్నాయి. పాత చెరువులకు కూడా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, ఎందుకంటే ఇప్పుడు కట్ట మీద రోజూ తిరిగే నీరుగంటి లేడు.

ఇక మామిడి. 2025లో తోతాపురి ధర పడిపోయి, చిత్తూరులో పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. ఫ్యాక్టరీ ఇచ్చే 8 రూపాయలకు ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 వచ్చేలా చూస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఎంత తోట కాపుకొచ్చిందో వ్యవసాయం, ఉద్యాన శాఖల వాళ్ల దగ్గర ఉంటుంది. పోయినేడు పల్ప్ ఎంత మిగిలిపోయిందో ఫ్యాక్టరీల దగ్గర ఉంటుంది. ఈ రెండు కాగితాలు ఒకదానికొకటి ముందే కనపడి ఉంటే, కాయ కొయ్యక ముందే రైతుకు ఒక మాట అంది ఉండేది. దీనికి గొప్ప యంత్రం కూడా అవసరం లేదు, లెక్కలు దాచుకోకుండా కలపాలి, అంతే.

అర్జీల సంగతి కూడా ఇలాంటిదే. ప్రతి సోమవారం తిరుచానూరు పద్మావతి నిలయంలో, అదే మన కలెక్టరేటులో, జనం కాగితాలు పట్టుకుని నిలబడతారు. ఒకే పల్లె నుంచి నలభై మంది సర్వే నంబరు తప్పు పడిందని అర్జీ పెడితే అవి నలభై సమస్యలు కావు, ఒక్క తప్పే. అది మనిషి కంటే కంప్యూటరు తొందరగా పట్టేస్తుంది. 2025 జనవరిలో మొదలైన ‘మన మిత్ర’ అనే ప్రభుత్వ సేవ వల్ల సర్టిఫికెట్ల కోసం తిరగడం తగ్గి, వాట్సాప్‌లోనే పని అవుతుంటే నాకు నిజంగా సంతోషం.

ఇన్ని మంచి మాటలు చెప్పాక, నన్ను భయపెట్టే సంగతి కూడా చెప్పాలి. ఇక్కడ చూడండి, ఇక్కడేదో తేడాగా ఉంది అని యంత్రం చెబితే నాకు అభ్యంతరం లేదు. నీకు సాయం రాదు పో, అని అదే చెప్పేస్తే మాత్రం ఒప్పుకోలేను.

ఆస్ట్రేలియాలో ఏం జరిగిందో వినండి. ప్రభుత్వ సాయం తీసుకునేవాళ్లకు ఏడాదంతా వచ్చిన ఆదాయాన్ని కంప్యూటరు సమానంగా రెండు వారాలకొక భాగం చొప్పున పంచేసింది. మన పల్ప్ ఫ్యాక్టరీలో సీజన్ రెండు నెలలే పని చేసి, తక్కినప్పుడు ఖాళీగా ఉండే ఆడమనిషిని అనుకోండి. ఆ రెండు నెలల కూలిని ఏడాదికి పంచితే, నీకు ఏడాది పొడుగునా ఆదాయం ఉంది, తీసుకున్న సాయం వెనక్కి కట్టు అని నోటీసు వస్తుంది. అచ్చం అలాగే లక్షల మందికి నోటీసులు వెళ్లాయి. లేని బాకీలు కట్టలేక జనం నలిగిపోయారు. ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేలింది, 2023లో దీని మీద విచారణ జరిపిన రాయల్ కమిషన్ తీవ్రంగా తప్పుపట్టింది. మన పక్కనే తెలంగాణలో కంప్యూటరు లెక్కతో రద్దయిన దాదాపు 19 లక్షల రేషన్ కార్డులను మళ్లీ క్షేత్రస్థాయిలో పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది.

మా ఇంట్లోనూ ఇలాంటిది జరిగింది. మా అవ్వ జీవితమంతా శెనక్కాయలు వలిచింది, కలుపు తీసింది. వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. ఒక నెల ప్రభుత్వ సాయం తీసుకోడానికి వేలిముద్ర మిషన్ మీద వేలు పెడితే పడలేదు. తుడిచి పెట్టింది, నూనె రాసి పెట్టింది, పడలేదు. తర్వాతి నెలా అంతే. అవ్వ ఇంటికొచ్చి, "నేను నేను కాదంట నాయనా" అని కూర్చుంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం నేను మర్చిపోలేను. తర్వాత కంటిపాపతో పని జరిగింది, కానీ ఆ రెండు నెలలు ఎవరిని అడగాలో మాకు తెలియలేదు. మిషన్ తీసుకోవడం లేదమ్మా అన్నారు, అంతకుమించి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు.

అడిగే హక్కు మనకుంది, ఇది బాగా గుర్తు పెట్టుకోండి. 2005 నాటి సమాచార హక్కు చట్టంలో 4వ సెక్షన్ ప్రకారం, ప్రభుత్వ కార్యాలయం తీసుకున్న నిర్ణయం మీ మీద పడితే దానికి కారణాలు మీకు చెప్పాలి. దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు రావాలి. కంప్యూటరులో అలా వచ్చింది అంటే అది కారణం కాదు. ఏ లెక్క చూసి పథకంలోంచి పేరు తీసేశారు, కారు ఉందన్నారా, కరెంటు ఎక్కువ కాల్చారన్నారా, పొలం ఎక్కువుందన్నారా, అది కాగితం మీద రావాలి. కింద ఒక అధికారి పేరు, సంతకం ఉండాలి. పేరు తీసేసే ముందు ఒక మనిషి ఆ ఇంటి తలుపు తట్టి చూడాలి. మన రాష్ట్రంలో 2019 నుంచి గ్రామ సచివాలయాలు ఉన్నాయి, వాటిలో చదువుకున్న యువతీయువకులు పనిచేస్తున్నారు, తలుపు తట్టడానికి మనుషులు లేరని ఎవరూ అనలేరు.

ఆఖరుగా నాదొక చిన్న కోరిక. వచ్చే గ్రామసభలో మీరు లేచి ఒక్క విషయం అడగండి. మన మండలంలో పీజోమీటరు చెప్పిన లెక్కను ప్రతి నెలా ఒకటో తేదీన సచివాలయం గోడ మీద పెద్ద అంకెలతో రాయించమనండి. పోయినేడు ఇదే నెలలో నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయి, ఈ ఏడు ఎన్ని అడుగులకు దిగాయి, రెండూ పక్కపక్కన. ఒక డబ్బా రంగు, ఒక కుంచె, నెలకు పది నిమిషాల పని. బోరు వేయాలని అప్పుకు పోయే రైతు దారిలో ఆ గోడ చూసుకుని పోతాడు.

నమస్కారం.